పాత కారు – అసలు వెల

ఉప్పల్ వైపు నుండి వచ్చి మూసీ వంతెన దాటితే నాగోల్. హైదరాబాదు తూర్పు దిక్కున ఉన్న ఈ ప్రాంతం పేరు వినగానే నగరంలోని యువతీయువకులకు ముందుగా గుర్తుకు వచ్చేది రవాణాశాఖవారి డ్రైవింగు పరీక్షా మైదానం. పద్దెనిమిదేండ్లు నిండిన వారు అక్కడ ఎనిమిది అంకె ఆకారంలో, ఆంగ్ల ‘హెచ్’ అక్షరం ఆకారంలో గీసిన దారులపై బండి నడిపి చూపి లైసెన్సు పొందుతారు. ఆ చుట్టుపక్కల రహదారుల వెంట పాత కార్లు అమ్మే దుకాణాలు కనిపిస్తాయి. అక్కడి బేరసారాల తీరు అందరికీ తెలిసినదే. కారు ఏ సంవత్సరంలో తయారైంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందరు యజమానుల చేతులు మారింది అనే మూడు ప్రశ్నలతో వెల తేలిపోతుంది. కొత్త కారు షోరూము గుమ్మం దాటిన నాటి నుండే దాని విలువ తరగడం మొదలై, పది పదిహేనేండ్లకు ఇనుము తూకానికి దగ్గరవుతుంది.

ఈ లెక్కకు పూర్తిగా తలకిందులైన బేరం ఒకటి ఉన్నది. యాభై అరవై ఏండ్లు గడచిన కొద్దీ వెల పెరిగే కార్ల బేరం అది. ఆ కార్లలో అమెరికాలో తయారైన ‘మజిల్ కార్లు’ ప్రత్యేకమైనవి. ఉప్పల్, నాగోల్ పరిసరాలలో పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న ఇండ్లు అనేకం. వారిలో కొందరు కార్ల పరిశ్రమకు పేరుపొందిన డెట్రాయిట్ నగర పరిసరాలలో స్థిరపడిన ఇంజనీర్లు. ఆ నగర పరిసరాలలోని వుడ్‌వర్డ్ అవెన్యూ అనే పొడవైన వీథిలో 1995 నుండి దాదాపు ఏటా ఆగస్టు నెలలో పాత కార్ల ఊరేగింపు జరుగుతున్నది. ఊరి జాతరలో రథాన్ని చూడడానికి జనం నిలబడినట్లు, రోడ్డుకు ఇరువైపులా కుర్చీలు వేసుకొని జనం కూర్చొని ఉంటారు. ఉరుములవంటి శబ్దంతో కదలివచ్చే ఆ బండ్లను మన ఊళ్ల నుండి వెళ్లిన వారు తొలిసారి చూసేది సాధారణంగా అక్కడే.

మజిల్ అంటే కండ. మధ్యరకం పరిమాణంలో ఉన్న సాధారణ కారు దేహంలో, పెద్ద కారుకు పెట్టవలసిన మహాశక్తిమంతమైన ఇంజనును అమర్చి, సామాన్య ఉద్యోగి కూడ కొనగలిగే ధరకు అమ్మిన బండ్లకు ఈ పేరు స్థిరపడింది. ఈ సంప్రదాయానికి 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.ను నాంది అని చాలామంది భావిస్తారు. దాని పుట్టుక ఆసక్తికరమైన కథ. పాంటియాక్ శాఖ జనరల్ మోటార్స్ సంస్థలో ఒక భాగం. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు, అనగా సుమారు 5.4 లీటర్లకు మించిన ఇంజనును పెట్టరాదని ఆ సంస్థలో ఒక నియమం ఉండేది. పాంటియాక్‌లో ప్రధాన ఇంజనీరైన జాన్ డెలోరియన్, ఆయన సహచరులు ఆ నియమానికి ఒక సందు వెదికారు. కొత్త కారు అని చెప్పలేదు. ‘లెమాన్స్’ అనే పాత నమూనా కొనేవారు కోరుకుంటే అదనపు సొమ్ముకు అమర్చి ఇచ్చే హంగుల మూటగా దానిని ప్రకటించారు. ఆ మూటలో 389 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 6.4 లీటర్ల ఇంజను ఉన్నది. దాని శక్తి 325 అశ్వశక్తులు. మొదటి ఏడు అయిదువేల బండ్లు పోతే చాలనుకున్న వారికి 32 వేలకు పైగా అమ్ముడుపోయాయి. ఈ ‘హంగుల మూట’ అన్న మాటను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఆనాడు నియమాన్ని తప్పించుకోవడానికి పన్నిన ఉపాయమే ఈనాడు ఆ కారు కొనేవారి పాలిట చిక్కుముడి అయింది. ఆ ముచ్చట ముందు వస్తుంది.

ఆ కాలంలో మన రోడ్లపై రాజ్యమేలిన అంబాసిడర్ ఇంజను పరిమాణం ఒకటిన్నర లీటరు. అంబాసిడర్ ఇంజన్లు నాలుగింటిని ఒకచోట చేర్చినా జి.టి.ఓ. ఇంజను ఇంకా కొంత పెద్దది.

ఇంతటి వైభవం పదేండ్లు కూడ నిలువలేదు. కుర్రకారు వేగం వల్ల ప్రమాదాలు పెరగగా బీమా సంస్థలు ఈ బండ్లపై రుసుము పెంచాయి. 1970లో అమెరికా ప్రభుత్వం వాయు కాలుష్యాన్ని అరికట్టే చట్టాన్ని కఠినం చేసింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు సరఫరాను బిగించాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన దేశంలో ఆరు ఏడు లీటర్ల ఇంజన్లకు ఆదరణ ఎక్కడిది? కొన్నేండ్లలోనే అవి ఎవరికీ అక్కరలేని సరుకయ్యాయి. కొన్ని పందేలలో పగిలిపోయాయి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు తగిలి కొన్ని తుప్పుపట్టి రాలిపోయాయి. కొన్ని కొట్టాలలో గడ్డిమోపుల వెనుక మరుగునపడ్డాయి. అరుదైన వస్తువు పుట్టేది ఇట్లాగే. ఎవరూ దాచుకోని వస్తువే తరువాతి తరానికి అపురూపమవుతుంది.

1960లలో ఆ కార్లను కొనలేక కిటికీలోంచి చూసి ఆశపడిన కుర్రవాళ్లు ఇరవై ముప్పయ్యేండ్ల తరువాత సంపాదనపరులయ్యారు. తమ యౌవనాన్ని తిరిగి కొనుక్కోవాలన్న కోరిక వారిలో కలిగింది. ధరలు పెరిగాయి. తయారైన సంఖ్య తక్కువైతే చెప్పనక్కరలేదు. 1971లో ప్లిమత్ సంస్థ హెమీ అనే ఏడు లీటర్ల ఇంజనుతో, పైకప్పు తెరచుకొనే కుడా కార్లను 11 మాత్రమే తయారుచేసింది. అప్పుడు కొనేవారు లేకనే అంత తక్కువ చేశారు. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ నగరంలో జరిగిన వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.

అయితే అరుదైన కారు దొరికినంత మాత్రాన పని ముగియదు. దానిని మొదటి రూపానికి తేవాలి. దీనినే పునరుద్ధరణ అంటారు. నాచారం, ఉప్పల్ ప్రాంతాల షెడ్లలో టింకరింగు, డెంటింగు, పెయింటింగు పనులు చూసినవారికి ఇందులోని సగం పని తెలిసినట్లే. ముందుగా కారును చివరి మేకు వరకు విప్పుతారు. విప్పిన ప్రతి భాగానికి చీటీ కట్టి, ఫొటో తీసి భద్రపరుస్తారు. రంగును, తుప్పును గీకి రేకు తేలేవరకు శుభ్రం చేస్తారు. తుప్పు తిన్న చోట కోసి కొత్త రేకు అతుకుతారు. ఇంజను గొట్టాలను లాత్ పనివారు రీబోరింగు చేసి కొత్త పిస్టన్లు ఎక్కిస్తారు. బంపర్లకు రాగి, నికెలు, క్రోమియం పూతలను ఒకదానిపై ఒకటి వేస్తారు. తీరిక వేళలలో స్వయంగా చేసుకొనే యజమానికి ఈ పని పదేండ్లయినా పట్టవచ్చు. ఖర్చు చాలా సందర్భాలలో కారు అమ్మగా వచ్చే సొమ్మును మించిపోతుంది. ఇది లాభం కోసం చేసే పని కాదని ఆ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. అయినా చేస్తారు.

ఈ పనిలో అడ్డదారి కూడ ఉన్నది. తుప్పు పట్టిన రేకును కోయకుండ దానిపై పుట్టీ మెత్తి, నునుపు చేసి, మెరిసే రంగు కొడితే కంటికి తేడా తెలియదు. రెండు వానకాలాలు గడిస్తే బుడగలు లేస్తాయి. అందుకే అనుభవం ఉన్న కొనుగోలుదారు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకొని వస్తాడు. ఇనుప రేకు ఉన్నచోట అది అతుక్కుంటుంది. పుట్టీ మందంగా ఉన్నచోట జారిపడుతుంది. మరొక విచిత్రమేమిటంటే, మరీ అందంగా చేసినా దోషమే. ఆనాటి కర్మాగారంలో రంగు అద్దమంత నునుపుగా ఉండేది కాదు. తనిఖీ చేసిన కార్మికుడు సుద్దముక్కతో గీసిన గుర్తులు చట్రంపై ఉండేవి. నిష్ఠగా పునరుద్ధరించేవారు ఆ సుద్దగీతలను కూడ ఉన్నచోటనే తిరిగి గీస్తారు.

ఇంత చేసిన కారును అమ్మడానికి పూనుకున్నప్పుడు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న రంగును గురించి కాదు, అంకెలను గురించి. ప్రతి కారుకు తయారీ సమయంలో ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. మన బండ్ల కాగితాలలో చాసిస్ నంబరు అని రాసేది ఇదే. దానిని చెరిపివేయడం, మార్చడం అమెరికాలో సమాఖ్య చట్టం ప్రకారం నేరం. ఈనాటి సంఖ్యలో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. 1981కి ముందు ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క పద్ధతి. జనరల్ మోటార్స్ 1968 నుండి ఆ సంఖ్యలోని కొంత భాగాన్ని ఇంజను మీద, గేరుబాక్సు మీద కూడ ముద్రించింది. కారు మీది సంఖ్య, ఇంజను మీది సంఖ్య ఒకటైతే పుట్టినప్పుడు పెట్టిన ఇంజనే ఇప్పటికీ ఉన్నదని నమ్మవచ్చు. దీనిని ‘అంకెలు కలిసిన కారు’ అంటారు. ఇంజను మారిన కారు నడకలో ఏ లోపం లేకపోయినా, ధరలో వెనుకబడుతుంది.

ఇక ముందు చెప్పిన చిక్కుముడి. 1964, 1965 సంవత్సరాల జి.టి.ఓ. కార్ల గుర్తింపు సంఖ్యలో అది జి.టి.ఓ. అని తెలిపే గుర్తు ఏదీ లేదు. ఎందుకంటే కాగితాల మీద అది లెమాన్స్ కారే, జి.టి.ఓ. దానికి చేర్చిన హంగుల మూట మాత్రమే. 1966లో గాని దానికి ప్రత్యేక వరుస ఏర్పడలేదు. కావున ఒక సాధారణ లెమాన్స్ కొని, పెద్ద ఇంజను ఎక్కించి, జి.టి.ఓ. అక్షరాలు బిగిస్తే సంఖ్యను చూసి ఎవరూ కాదనలేరు. ఇట్టి కారును ‘క్లోన్’ అంటారు. క్లోన్ అని చెప్పి అమ్మడం తప్పు కాదు. దానిని కోరి కొనేవారు కూడ ఉన్నారు. చెప్పకుండ అమ్మితే అది మోసం.

ఈ మోసాన్ని పట్టియిచ్చేవి పాత కాగితాలు. పాంటియాక్ పేరుతో కార్ల తయారీ ఎన్నడో ఆగిపోయినా, 1961 నుండి కర్మాగారం పంపిన బిల్లుల నకళ్లు పాంటియాక్ హిస్టారికల్ సర్వీసెస్ అనే సంస్థ వద్ద ఉన్నాయి. రుసుము చెల్లించి గుర్తింపు సంఖ్య తెలిపితే, ఆ కారు ఏ రంగుతో, ఏ ఇంజనుతో, ఏ హంగులతో కర్మాగారం దాటిందో రాసిన పత్రం వస్తుంది. 1967 తరువాతి ఫోర్డు కార్లకు ఆ సంస్థ దత్తాంశాల ఆధారంగా మార్టీ నివేదిక అనే పత్రం లభిస్తుంది. క్రైస్లర్ కార్లకైతే కార్మికులకు దారి చూపడానికి అచ్చువేసిన కాగితం ఒకటి సీటు స్ప్రింగుల నడుమ ఇరుక్కొని, నూనె మరకలతో దొరుకుతుంది. చెత్తగా మిగిలిన ఆ కాగితం ముక్క ఒక్కొక్కసారి ఇంజనుకంటె ఎక్కువ పని చేస్తుంది.

ఆధారాల బలం ఎంతటిదో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ అనే చలనచిత్రంలో నటుడు స్టీవ్ మెక్వీన్ ఒక ఆకుపచ్చ ఫోర్డు మస్టాంగ్ కారును శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీథులలో పరుగెత్తించాడు. ఆ కారును 1974లో ఒక సాధారణ కుటుంబం పత్రికా ప్రకటన చూసి సుమారు ఆరువేల డాలర్లకు కొన్నది. ఇల్లాలు దానిలో బడికి వెళ్లి పాఠాలు చెప్పి వచ్చేది. తిరిగి తనకు అమ్మవలసిందని మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసినా వారు అంగీకరించలేదు. 1980లో క్లచ్ చెడిపోగా కారు మూలకు చేరింది. దశాబ్దాల తరువాత, 2018లో డెట్రాయిట్ కార్ల ప్రదర్శనలో అది లోకానికి తిరిగి కనిపించింది. 2020 జనవరి 10న ఫ్లారిడా రాష్ట్రంలోని కిస్సిమీలో వేలం జరిగింది. సుత్తి దెబ్బ 34 లక్షల డాలర్ల వద్ద పడింది. వేలం సంస్థ రుసుముతో కలిపి కొనుగోలుదారు చెల్లించినది 37 లక్షల 40 వేల డాలర్లు. ఆ కారుకు కొత్త రంగు వేయలేదు. వెలిసిన పచ్చదనం, తుప్పు మచ్చలు, చిత్రీకరణ కోసం చేసిన రంధ్రాలు అట్లాగే ఉన్నాయి. పునరుద్ధరించి ఉంటే ఆ ఆనవాళ్లు చెరిగిపోయేవి.

మన నగరంలోనూ ఇటువంటి ఆనవాళ్లు గల కారు ఒకటి ఉన్నది. అది అమెరికాది కాదు, అమ్మకానికి వచ్చేదీ కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కోసం ఇంగ్లండులో తయారైన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. 1911లో ఆయన మరణించగా, దానిని ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ ఉత్సవ సందర్భాలలో మాత్రమే వినియోగించాడు. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తైన ఆసనం ఉన్నందున దానికి సింహాసనపు కారు అని పేరు. అన్నేండ్ల కొలువులో అది తిరిగినది నాలుగు వందల మైళ్లకు లోపేనని ప్రసిద్ధి. పునరుద్ధరణ పొందిన ఆ వాహనాన్ని చౌమహల్లా రాజభవనంలో చూడవచ్చు.

భారతదేశంలో పాత కార్ల నమోదుకు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి 50 ఏండ్లు దాటి, చట్రంలో గాని, దేహంలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు లేకుండ ఉన్న వాహనాన్ని ‘వింటేజి’ వాహనంగా నమోదు చేస్తారు. మన చట్టం కూడ ముందుగా అడుగుతున్నది అసలు రూపాన్నే అని గమనించాలి. కొత్తగా నమోదు చేయడానికి రుసుము 20 వేల రూపాయలు. పదేండ్ల తరువాత తిరిగి నమోదుకు 5 వేలు. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రపు గుర్తు తరువాత ‘వి.ఏ.’ అనే అక్షరాలు ఉంటాయి. పాత నంబరు ఉన్న బండి దానినే నిలుపుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోజువారీ ప్రయాణానికి ఆ వాహనాన్ని వాడరాదు. చేతులు మారినప్పుడు అమ్మినవారు, కొన్నవారు 90 రోజులలోగా రవాణాశాఖకు తెలియజేయాలి. విదేశాల నుండి తేవడానికి మాత్రం చాలాకాలం 1950కి ముందు తయారైన కార్లకే అనుమతి ఉండేది. ఆ లెక్కన మజిల్ కార్లకు ద్వారం మూసినట్లే. 2025లో ఆ హద్దును మార్చి, తయారై 50 ఏండ్లు దాటిన వాహనాలకు వీలు కల్పించారు. అయినా దిగుమతి సుంకం, ఓడ ఖర్చు, ఎడమ పక్క ఉండే స్టీరింగు అనే మూడు అవరోధాలు సామాన్యునికి మిగిలే ఉన్నాయి.

ఈ విషయాలన్నీ ఒక మనిషి మీదికి వస్తే ఎట్లుంటుందో ఊహించి చూడవచ్చు. నాగోల్‌లో పుట్టిపెరిగి డెట్రాయిట్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక ఇంజనీరు పన్నెండేండ్ల క్రితం ఒక వృద్ధుని కొట్టంలో ఉన్న 1964 నాటి జి.టి.ఓ.ను కొన్నాడనుకుందాం. కాగితాలు పెద్దగా లేవు. ప్రతి శని, ఆదివారాలు దాని కిందనే గడిపాడు. రేకులు అతికించాడు, ఇంజను విప్పి బిగించాడు, ఎర్రరంగు వేయించాడు. ఇప్పుడు తల్లిదండ్రులకు వయసు మీదపడింది. తిరిగి వచ్చి వారి దగ్గర ఉండాలని నిశ్చయించుకున్నాడు. కారును వెంట తెచ్చుకొనే స్థోమత లేదు. అమ్మగా వచ్చే సొమ్ముతో నాగోల్ ఇంటిపై అప్పు తీర్చాలని అతని ఆలోచన. ప్రకటన ఇచ్చేముందు గుర్తింపు సంఖ్య రాసి పాత బిల్లు నకలు తెప్పించాడు. అది ఇట్లా ఉన్నది: లెమాన్స్, 326 ఘనపు అంగుళాల ఇంజను. హంగుల మూట అన్న ప్రస్తావన ఎక్కడా లేదు. వృద్ధుడు తెలిసి అమ్మాడో, తెలియక అమ్మాడో అడుగుదామంటే అతడు బ్రతికి లేడు.

ఆ పత్రం సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. కొనేవాడు అడిగితే చూపాలి, అడగకపోతే? మిత్రులు అడగనివ్వని విధంగా మాట్లాడమన్నారు. పన్నెండేండ్ల శ్రమ, అప్పు, ముసలి తల్లిదండ్రులు అన్నీ ఒక పక్కన ఉన్నాయి. ఆ రాత్రి అతడు నాగోల్‌కు ఫోను చేసి, “బాపూ, ఉన్నది ఉన్నట్లు రాస్తే ధర బాగా పడిపోతది” అన్నాడు. తండ్రికి జి.టి.ఓ. అంటే ఏమిటో తెలియదు. ఆయన తన జీవితంలో అమ్మిన వాహనం పాత స్కూటరు ఒక్కటే. కొంతసేపు ఊరకుండి, “ఆ కాయితం నీ దగ్గరనే ఉన్నదా, బిడ్డా?” అని అడిగాడు. ఉన్నదన్నాడు కొడుకు. “మరి బండితోటి ఆ కాయితం గూడ ఇస్తవా, ఇయ్యవా?” అన్నాడు తండ్రి.

మరునాడు సిద్ధమైన ప్రకటనలో మొదటి వాక్యం ఇది: ‘1964 పాంటియాక్ లెమాన్స్. జి.టి.ఓ. ఇంజను, హంగులు తరువాత అమర్చినవి. కర్మాగారపు బిల్లు నకలు కారుతో పాటు ఇవ్వబడును.’ కింద అడిగిన వెల అతడు మొదట అనుకున్న దానికంటె చాలా తక్కువ. మూడు వారాల తరువాత ఒక కొనుగోలుదారు అయస్కాంతం పట్టుకొని వచ్చాడు. తలుపుల అడుగున, చక్రాల వంపుల వద్ద ఆనించి చూశాడు. అన్ని చోట్లా అది అతుక్కున్నది. బిల్లు నకలు రెండుసార్లు చదివి, మడచి, జేబులో పెట్టుకొని, ఇంజను చప్పుడు ఒకసారి వినిపించమన్నాడు.